కిటికీలో కంపు నక్షత్రం

ఒక ఆదివారం ఉదయం మీ ఇంట్లో చచ్చిన ఎలుక వాసన వస్తోందనుకోండి. ఏం చేస్తారు? ముందు అటక మీద చూస్తారు. తర్వాత బీరువా జరుపుతారు. బియ్యం డబ్బా వెనక, పాత పుస్తకాల పెట్టె కింద వెదుకుతారు. ఇంట్లో పెద్దవాళ్ళు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మిమ్మల్నే తిడుతుంటారు. మా ఇంట్లో సరిగ్గా అదే జరిగింది. గంటన్నర వెదికాక అపరాధి దొరికింది. కిటికీ గట్టు మీద నేను ముచ్చటపడి పెంచుకుంటున్న చిన్న మట్టి కుండీలో అన్నం పళ్ళెమంత పువ్వు ఒకటి విచ్చుకుని ఉంది. దాని మీద నాలుగు నీలి ఈగలు హడావిడిగా తిరుగుతున్నాయి. ఎలుక లేదు, పిల్లి లేదు. ఆ కంపంతా పువ్వుదే!

ఆ మొక్క పేరు స్టేపీలియా జైగాంటియా. పూర్తిగా విచ్చుకున్న పువ్వు అడ్డుకొలత మామూలుగా 25 సెంటీమీటర్లు దాటుతుంది, బాగా పెరిగితే 40 సెంటీమీటర్ల దాకా రావచ్చు. దాన్ని మోసే మొక్క ఎత్తేమో జానెడు! పువ్వు అయిదు కోణాల నక్షత్రంలా ఉంటుంది. లేత పసుపు రంగు మీద ఎర్రటి సన్నని గీతలు అడ్డంగా, ముడతలు పడినట్టు కనిపిస్తాయి. అంచుల వెంట మెత్తటి వెంట్రుకలు. దూరం నుంచి చూస్తే పట్టుగుడ్డలా ఉంటుంది. దగ్గరకు వెళితే మాత్రం ఎందుకు వెళ్ళామా అనిపిస్తుంది.

ఇంట్లో పెంచడానికి ఇదేం మొక్క అని మీరు అడగవచ్చు. ఏడాదిలో ఓ పది, పదిహేను రోజులు తప్ప దీనికి వాసనే ఉండదు. పెంచడం తేలిక. వృక్షశాస్త్రం పాఠాల్లో మీరు చదువుకునే నాలుగైదు సంగతులను ఒక్క కుండీలో చూపించే మొక్క నాకు తెలిసి మరొకటి లేదు.

కాక్టస్ కాదు, జిల్లేడుకు చుట్టం

మొక్కను చూడగానే అందరూ కాక్టస్ అంటారు. ఆకులుండవు. నాలుగు పలకల ఆకుపచ్చని కాండాలు గుంపుగా నేలలోంచి లేస్తాయి. పలకల అంచున ముళ్ళలాంటి పళ్ళుంటాయి. వేలితో నొక్కి చూడండి, గుచ్చుకోవు. ఒకప్పటి ఆకుల ఆనవాళ్ళే అవి. కాండం మీద చెయ్యి వేస్తే ముఖమల్‌లా తగులుతుంది.

కాక్టస్ కుటుంబం దాదాపు పూర్తిగా అమెరికా ఖండాలది. మన ఊళ్ళలో కంచెల వెంట పెరిగే నాగజెముడు కూడా అక్కడి నుంచి వచ్చిందే. స్టేపీలియా ఆఫ్రికాది. దక్షిణాఫ్రికా, జింబాబ్వే, మొజాంబిక్, టాంజానియా ప్రాంతాల్లో రాతి నేలల మీద, పొదల నీడన పెరుగుతుంది. దీని అసలు చుట్టం ఎవరో తెలుసా? వినాయక చవితికి మనం పూలు కోసుకొచ్చే జిల్లేడు! రెండూ ఒకే కుటుంబంవే. కాయ కాస్తే ఈ సంబంధం బయటపడుతుంది. రెండు కొమ్ముల్లా జంటగా నిలబడే కాయలు పగిలి, పట్టుపోగుల కుచ్చు కట్టుకున్న గింజలు గాలిలో ఎగిరిపోతాయి. జిల్లేడు గింజల వెంట చిన్నప్పుడు పరుగెత్తని వారుండరు కదా. ఒక తేడా ఉంది. జిల్లేడును గిల్లితే పాలు కారతాయి. స్టేపీలియాను కోస్తే నీళ్ళలాంటి రసం వస్తుంది.

వేరు వేరు వంశాల మొక్కలు ఒకేలాంటి కరువు నేలలో బతకవలసి వచ్చినప్పుడు ఒకే రూపానికి చేరుకోవడాన్ని అభిసారి పరిణామం అంటారు. నీరు ఆవిరైపోయే ఆకులను వదిలేయడం, కాండాన్నే నీటి తొట్టిగా మార్చుకోవడం, ఆకు చేసే పనిని కాండానికే అప్పగించడం ఆ దారిలోనివే. నాగజెముడు, స్టేపీలియా, పాలు కారే బొమ్మజెముడు మూడూ మూడు కుటుంబాలవి. ముగ్గురూ వేసుకున్న బట్టలు మాత్రం ఒకే దర్జీ కుట్టినట్టుంటాయి.

ఈగను ఎలా మోసం చేస్తుంది?

పువ్వు అంటే తేనె, తేనె అంటే తేనెటీగ అని చిన్న తరగతుల్లో చదువుకుంటాం. స్టేపీలియా వ్యాపారం వేరు. కుళ్ళిన మాంసం మీద గుడ్లు పెట్టే ఈగలే దీని గిరాకీలు. అందుకు తగ్గట్టే దుకాణం అలంకరించుకుంది. మాంసపు రంగు గీతలు, చచ్చిన జంతువు చర్మాన్ని తలపించే ముడతలు, అంచున బొచ్చు, అన్నింటినీ మించి ఆ వాసన! ఈ వర్గపు కంపు పూల నుంచి వచ్చే ఆవిరిని శాస్త్రవేత్తలు విశ్లేషించినప్పుడు డైమిథైల్ డైసల్ఫైడ్, డైమిథైల్ ట్రైసల్ఫైడ్ వంటి గంధకపు సమ్మేళనాలు కనిపించాయి. మాంసంలోని ప్రోటీన్లను బాక్టీరియా కుళ్ళబెట్టినప్పుడు వెలువడేవీ అవే. అంటే పువ్వు కుళ్ళడం లేదు. ఆరోగ్యంగా, తాజాగా ఉండి, కుళ్ళిన దాని వాసనను పనిగట్టుకుని తయారు చేస్తోంది.

ఇక లోపల జరిగేది చూడండి. పువ్వు నడిమధ్య రూపాయి బిళ్ళకన్నా చిన్నదైన ఒక నిర్మాణం ఉంటుంది. మందారంలోలాగా పసుపు పుప్పొడి రాలదు. పుప్పొడి మొత్తం మైనపు ముద్దల్లా గట్టిపడి, రెండేసి ముద్దలు ఒక చిన్న పట్టుకారుకు అతుక్కుని ఉంటాయి. ఈ ముద్దలను పోలీనియాలు అంటారు. ఈగ తిరుగుతూ తిరుగుతూ దాని నోటి తొండమో, కాలి రోమమో అక్కడి సన్నని సందులో ఇరుక్కుంటుంది. గింజుకుని లాక్కునేసరికి పట్టుకారు దాన్ని కరచుకుంటుంది, ముద్దల జత ఊడి ఈగతో పాటే వెళుతుంది. ఆ ఈగ బుద్ధి తెచ్చుకోకుండా మరో స్టేపీలియా మీద వాలితే, అక్కడి సందులో ముద్ద ఇరుక్కుని పరాగ సంపర్కం పూర్తవుతుంది. జిల్లేడు పువ్వులోనూ ఇదే ఏర్పాటు. ఒక జిల్లేడు పువ్వును, గుండుసూదిని, భూతద్దాన్ని తీసుకుని కూర్చుంటే ఆ పట్టుకారును మీరే పైకి లాగి చూడవచ్చు. స్టేపీలియా పువ్వు కోసం ఏడాదంతా ఎదురుచూడనక్కరలేదు. పాలు కంట్లో పడకుండా చూసుకోండి చాలు.

ఈ మోసంలో ఈగకు జరిగే నష్టం చిన్నదేం కాదు. నిజంగానే మాంసమనుకుని అది పువ్వు మధ్యలో తెల్లటి గుడ్లు గుత్తులుగా పెట్టేస్తుంది. గుడ్లు పిగిలి పురుగులు బయటికొస్తాయి. తినడానికి ఏమీ ఉండదు. పువ్వు ఒకటి రెండు రోజుల్లో వాడి ముడుచుకుపోతుంది, పురుగులు ఆకలితో చనిపోతాయి. మొదటిసారి ఇది చూసినప్పుడు నాకు కొంచెం బాధగానే అనిపించింది. చాలామంది దీన్ని ఈగలను తినే మొక్క అంటారు, అది పొరపాటు. మొక్కకు ఆ పురుగుల వల్ల ఒరిగేదేమీ లేదు. దానికి కావలసింది ఈగ రాకపోకలే.

మీరు చేయగల ప్రయోగం ఒకటి చెబుతాను. ఈగను రప్పించేది వాసనా, రూపమా? ఒకేసారి రెండు పూలు పూసిన రోజున ఒకదాని మీద పలుచని మల్లు గుడ్డ వదులుగా కప్పండి. వాసన బయటికి వస్తుంది, రూపం సరిగా కనిపించదు. రెండోదాని మీద పారదర్శకమైన గాజు సీసా బోర్లించండి. రూపం కనిపిస్తుంది, వాసన రాదు. పావుగంట సేపు ఎన్ని ఈగలు దేని దగ్గరికి వచ్చాయో లెక్కపెట్టి, గుడ్డను, సీసాను మార్చి మళ్ళీ లెక్కపెట్టండి. ఫలితం నేను చెప్పను. ఒక్క పువ్వే పూస్తే రెండింటినీ దాని మీదే ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నించండి.

సామర్లకోట నుంచి ఒక పాత కథ

ఈ జాతికి స్టేపీలియా అని పేరు పెట్టింది లిన్నేయస్. ఆమ్‌స్టర్‌డామ్ వైద్యుడు వాన్ స్టాపెల్ జ్ఞాపకార్థం పెట్టాడు. ఆ తర్వాత లండన్‌లోని క్యూ ఉద్యానవనం తరఫున 1772లో ఆఫ్రికా దక్షిణ కొనకు వెళ్ళిన ఫ్రాన్సిస్ మాసన్ అక్కడి స్టేపీలియాలను తిరిగి తిరిగి సేకరించి, 1796, 1797 సంవత్సరాల్లో బొమ్మలతో ఒక పుస్తకమే వేశాడు. మన పెద్ద పువ్వు స్టేపీలియాను ఎన్. ఇ. బ్రౌన్ 1877లో వర్ణించాడు. 2017లో కొందరు శాస్త్రవేత్తలు జన్యు పరిశోధనల ఆధారంగా స్టేపీలియాలన్నింటినీ సెరోపీజియా అనే ప్రజాతిలో కలిపేశారు. ఈ మార్పు అందరికీ నచ్చలేదు. తోటల్లో, నర్సరీల్లో పాత పేరే నడుస్తోంది.

మనకు ఆసక్తి కలిగించే కథ మరొకటుంది. 18వ శతాబ్దం చివర గోదావరి జిల్లా సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ మొక్కల తోట పెంచేవాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన ప్రచురించిన గ్రంథంలో, 1795లో, మన మెట్ట ప్రాంతపు మొక్క ఒకదానికి బొమ్మ వేయించి స్టేపీలియా అసెండెన్స్ అని పేరు పెట్టాడు. తెలుగువారు దాన్ని కారల్లం అంటారని రాసుకున్నాడు. తర్వాత రాబర్ట్ బ్రౌన్ దాన్ని స్టేపీలియాల నుంచి విడదీసి కొత్త ప్రజాతి చేశాడు. ఆ ప్రజాతి పేరు కారల్లూమా! ఆ లాటిన్ ముసుగులో ఉన్నది మన కారల్లమే. ప్రపంచంలో ఏ మూల వృక్షశాస్త్రజ్ఞుడు ఆ పేరు పలికినా ఒక తెలుగు మాట పలుకుతున్నట్టే.

దీన్నే కొన్ని చోట్ల కుందేటి కొమ్ములు అంటారు. రాళ్ళ గుట్టల మీద, ముళ్ళ పొదల చాటున, సన్నగా కొనదేరిన నాలుగు పలకల కాండాలతో పెరుగుతుంది. కాండాలను పచ్చడి చేసుకుని తింటారు. ఈ వర్గపు మొక్కల సారం ఆకలి తగ్గిస్తుందని, లావు తగ్గిస్తుందని చెప్పి మాత్రలుగా అమ్మడం మొదలయ్యాక వీటికి కొత్త గిరాకీ ఏర్పడింది. కాబట్టి గుట్ట మీద కారల్లం కనిపిస్తే వేళ్ళతో పెకలించి తెచ్చుకోవద్దు. పెంచుకోవాలనిపిస్తే ఒక్క కొమ్మ చాలు. ఇది కూడా స్టేపీలియాలాగే ముక్క నుంచి వేరు తన్నుతుంది.

రాత్రిపూట ఊపిరి

ఎండలో నీరు పోకుండా ఉండాలంటే పత్రరంధ్రాలు మూసుకోవాలి. మూసుకుంటే కార్బన్ డై ఆక్సైడ్ లోపలికి రాదు, కిరణజన్య సంయోగక్రియ సాగదు. ఈ చిక్కుముడిని ఇలాంటి మొక్కలు చాలా తెలివిగా విప్పాయి. రాత్రి చల్లగా ఉన్నప్పుడు రంధ్రాలు తెరిచి వాయువును తీసుకుంటాయి. దాన్ని మాలిక్ ఆమ్లం రూపంలో కణంలోని రిక్తికల్లో దాచుకుంటాయి. తెల్లవారాక రంధ్రాలు మూసుకుని, దాచిన ఆమ్లం నుంచి వాయువును విడిపించి సూర్యకాంతితో చక్కెర చేసుకుంటాయి. అంటే తెల్లవారుజామున మొక్క పుల్లగా, సాయంత్రానికి చప్పగా ఉండాలి.

ఈ తేడాను నమోదు చేసిన తొలివారిలో ఒకడు రాక్స్‌బర్గ్ తర్వాత సామర్లకోటలో పనిచేసిన బెంజమిన్ హైనే అనే జర్మన్. రణపాల ఆకును ఉదయం నమిలితే పులుపు, మధ్యాహ్నానికి రుచి లేదు, సాయంత్రానికి కాస్త చేదు అని గమనించి లండన్‌కు ఉత్తరం రాశాడు. అది 1815లో అచ్చయింది. మీరు హైనేలాగా నమలకండి, రణపాలలో గుండె మీద పనిచేసే విష పదార్థాలున్నాయి. అదే ఆకును తెల్లవారుజామున ఒకటి, సాయంత్రం ఒకటి కోసి, విడివిడిగా నూరి, పి.హెచ్. కాగితంతో పరీక్షించండి. రంగు తేడా కనిపిస్తుంది.

ఈ సంగతికి మొక్క పెంపకంతో సంబంధం ఉంది. నీటిని ఇంత పొదుపుగా వాడుకునే మొక్కకు మనం రోజూ చెంబుడు నీళ్ళు పోస్తే ఏమవుతుంది?

నీళ్ళు, ఎండ, ఓపిక

ఏమవుతుందో నాకు బాగా తెలుసు. నా మొదటి స్టేపీలియా అలాగే పోయింది. తులసికోటలో నీళ్ళు పోసినప్పుడల్లా దీనికీ కాస్త పోసేవాణ్ణి. వానాకాలంలో ఒక రోజు కాండాన్ని ముట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చింది. మొదలు నల్లగా, మెత్తగా, పండిపోయిన అరటిపండులా అయింది. వేళ్ళకు కూడా గాలి కావాలి. మట్టి రంధ్రాల నిండా నీరు నిలబడితే ఆక్సిజన్ అందదు, బలహీనపడిన వేళ్ళ మీద శిలీంధ్రాలు దాడి చేస్తాయి. కండగల మొక్కలు ఇళ్ళలో చావడానికి మొదటి కారణం ఎండ కాదు, ప్రేమ ఎక్కువై పోసే నీళ్ళు.

అందుకని కుండీ మట్టిదై ఉండాలి, లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. అడుగున రంధ్రం తప్పనిసరి. వేళ్ళు పైపైనే పరుచుకుంటాయి కాబట్టి లోతైన కుండీలో అడుగు మట్టి ఊరికే తడిగా ఉండిపోతుంది. ఒక పాలు తోట మట్టి, ఒక పాలు బాగా చివికిన ఆకుల ఎరువు, రెండు పాళ్ళు ముతక ఏటి ఇసుక, గుప్పెడు చిన్న ఇటుక ముక్కలు కలపండి. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పు ఉంటుంది.

నీళ్ళెప్పుడు పోయాలో వారాల లెక్క చెబితే తప్పు అవుతుంది. మీ ఊరి గాలిలో తేమ వేరు, మా ఊరిది వేరు. ఒక చీపురు పుల్లను కుండీ అడుగు దాకా గుచ్చి తీయండి. పుల్లకు తడి మట్టి అంటుకుంటే ఆ రోజు వద్దు. పొడిగా వస్తే అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోసి, పళ్ళెంలో నిలిచిన నీటిని పారబోయండి. మొక్క పెరిగే వేసవి, వర్షాకాలాల్లో ఇది సుమారు వారం, పది రోజులకొకసారి వస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో నెలకొకసారి చాలు. అప్పుడు కాండాలు కొంచెం ముడుచుకుంటే కంగారుపడకండి. వానలో తడవనివ్వకండి. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గే ఊళ్ళలో ఉంటే చలికాలం ఇంటి లోపలే ఉంచాలి.

వెలుతురు మాత్రం బాగా కావాలి. తూర్పు కిటికీ అన్నింటికన్నా మంచిది. ఉదయపు ఎండ మూడు నాలుగు గంటలు తగిలితే హాయిగా పెరుగుతుంది. మన ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నపు ఎండలో నేరుగా పెడితే కాండాలు ఎర్రబడి కమిలిపోతాయి. గది మూలన బల్ల మీద పెడితే కాండాలు సన్నగా పొడుగ్గా సాగి, పువ్వన్నది పూయదు. ఏళ్ళ తరబడి పూయలేదని చెప్పేవాళ్ళ మొక్కలను చూశాను. పదింట ఎనిమిది వెలుతురు చాలనివే.

మొగ్గలు పగటి పొడవు తగ్గే రోజుల్లో, లేత కాండాల మొదళ్ళ దగ్గర వస్తాయి. ముసలి కాండాలు మళ్ళీ పూయడం అరుదు. అందుకే రెండు మూడేళ్ళకొకసారి పాతవి తీసేసి, లేత ముక్కలతో కుండీ కొత్తగా కట్టుకోవాలి. మొగ్గ వారాల తరబడి ఉబ్బి, గాలి నింపిన తిత్తిలా అవుతుంది. ఆ సమయంలో కుండీని తిప్పడం, చోటు మార్చడం, ఒక్కసారిగా ఎండగట్టడం చేస్తే మొగ్గ రాలిపోవచ్చు. నీరు మాత్రం పుల్ల పరీక్ష ప్రకారం పోస్తూ ఉండండి. మొగ్గ పగిలిన రోజున కుండీని బాల్కనీలోకి మార్చవచ్చు. ఇంట్లో శాంతి కోసం మార్చి తీరాలి.

పిండినల్లి ఒక్కటే దీనికి ముఖ్యమైన శత్రువు. కాండాల సందుల్లో దూదిలా కనిపిస్తే, దూది పుల్లను స్పిరిట్‌లో ముంచి తుడిచేయండి. ఏ కారణమూ లేకుండా మొక్క నీరసిస్తుంటే కుండీలోంచి తీసి వేళ్ళు చూడండి. వేళ్ళకు పట్టే పిండినల్లి పైకి కనిపించదు. అప్పుడు మట్టినంతా కడిగి, కొత్త మట్టిలో నాటాలి. ఎరువు ఏడాదికి ఒకటి రెండు సార్లు పలుచగా చాలు. నత్రజని ఎక్కువైతే కాండాలు నీరుబట్టి తేలికగా కుళ్ళుతాయి.

ముక్క నుంచి మొక్క

కుళ్ళు పట్టిన మొక్క కూడా పూర్తిగా పోయినట్టు కాదు. నల్లబడిన భాగానికి బాగా పైన, శుభ్రమైన చాకుతో కోయండి. కోసిన చోట మధ్యలో గోధుమ రంగు చుక్కో వలయమో కనిపిస్తే ఇంకా పైన కోయాలి. పచ్చగా, తెల్లగా ఉండేదాకా కోస్తూ పోవాలి. నా రెండో మొక్క అలా బొటనవేలంత ముక్కగా మిగిలి, రెండేళ్ళకు పూసింది.

ఆరోగ్యంగా ఉన్న మొక్క నుంచి తీసేటప్పుడు కాండం కాండాన్ని అంటుకునే సన్నని కీలు దగ్గర తీస్తే గాయం చిన్నదవుతుంది. ముక్కను నీడలో అయిదారు రోజులు అలాగే వదిలేయండి. గాయం మీద పొలుసు కట్టాలి. తర్వాత పొడి ఇసుక మట్టి మీద పడుకోబెట్టినా చాలు, నిలబెట్టి పూడ్చనక్కరలేదు. వారం ఆగి కొద్దిగా నీళ్ళు చిలకరించండి. కొన్ని వారాల్లో అడుగు వైపు నుంచి వేళ్ళు దిగుతాయి.

ఇంత తేలికగా బతకడంలో ప్రమాదం కూడా ఉంది. వెనిజులాలోని పొడి నేలల్లో ఈ మొక్క తోటలు దాటి బయట పెరుగుతూ, దురాక్రమణ మొక్కగా మారగలదా అన్న పరిశోధనకు విషయమైంది. ఆ ఫలితాలు 2009లో వెలువడ్డాయి. కాబట్టి అక్కరలేని ముక్కలను ఊరి బయట గుట్టల మీద పారేయకండి. మన కారల్లం పెరిగే చోట్లవే. ఎండబెట్టి చెత్తలో వేయండి, లేదా అడిగినవాళ్ళకు ఇవ్వండి.

దూరాన ఉన్న స్నేహితులకు పంపాలంటే తడి గుడ్డలో చుట్టవద్దు, ప్లాస్టిక్ సంచిలో కట్టవద్దు. పాత వార్తాపత్రికలో చుట్టి, చిన్న అట్టపెట్టెలో పెట్టి పోస్టులో వేయండి. దారిలో వారం పట్టినా ఏమీ కాదు. ఎలాగూ ఆరబెట్టాల్సిందే కదా! పెట్టెలో ఓ చీటీ మాత్రం పెట్టండి, పూసిన రోజున ఇంట్లో ఎలుక కోసం వెదకవద్దని.